సైకోసిస్ ముప్పును రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చునా? తమ్ముడి విషయమై సలహా కావాలి

ప్రశ్న అడిగినవారు: వైట్‌ఫీల్డ్ అక్క

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె ప్రాంతం. పన్నెండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాము. మా తమ్ముడికి 19 ఏళ్ళు. ఇక్కడే ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడు.

మూడు నెలలుగా వాడు మునుపటిలా లేడు. రాత్రంతా మేలుకొని పగలు పడుకుంటున్నాడు, క్రికెట్ ఆడటం మానేశాడు, రెండు సబ్జెక్టులు తప్పాడు, శని ఆదివారాలకు ఇంటికి వచ్చినా గదిలోంచి బయటికి రావడం లేదు. పోయిన నెలలో ఒకరోజు, తాను మెస్‌లోకి అడుగుపెట్టగానే అందరూ మాటలు ఆపేస్తున్నారని, వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారేమో అనిపిస్తోందని నాతో అన్నాడు. అంతలోనే, "నాకే అలా తోస్తోందేమోలే అక్కా" అని తనే సర్దుకున్నాడు.

మా భయానికి కారణం వేరే ఉంది. మా మేనమామకు 22వ ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. లేని మాటలు వినిపించడం, నిజం కాని అనుమానాలను గట్టిగా నమ్మడం వంటి స్థితిని సైకోసిస్ అంటారట, స్కిజోఫ్రీనియా ఆ కోవలోని తీవ్రమైన జబ్బు. గాలి సోకిందని అమ్మమ్మ నమ్మడం వల్ల నాలుగేళ్ళు తాయెత్తులతోను, దర్గాల చుట్టూ తిరగడంతోను గడిచిపోయాయి. ఇప్పుడు మందులు వాడుకుంటూ చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాడు కాని, పోయిన ఆ నాలుగేళ్ళ గురించి అమ్మ నేటికీ బాధపడుతుంది. తమ్ముణ్ణి చూసినప్పుడల్లా ఆమెకు తన తమ్ముడే గుర్తుకు వస్తున్నాడు.

ఈ పరిస్థితిలో మా అపార్ట్‌మెంట్‌లో ఒక ల్యాబ్ వారు శిబిరం పెట్టారు. షుగరు, థైరాయిడ్ పరీక్షలతోపాటు మానసిక వ్యాధుల ముప్పును రక్తంలోనే చూసి చెప్పే ప్యాకేజీ కూడా ఉందని, అందులో ఇన్‌ఫ్లమేషన్ సూచికలు (శరీరంలో వాపును చూపే పదార్థాలు), జన్యువుల స్కోరు కలిసి ఉంటాయని చెప్పారు. అమ్మ వెంటనే చేయిద్దామంటోంది. రిపోర్టులో ఏదైనా వస్తే రేపు వాడి పెళ్ళికి అడ్డు వస్తుందని నాన్న వద్దంటున్నారు. ఈ పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారం ఎంత ఉంది? మేము ఇప్పుడు చేయవలసినది ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: ప్రోటీన్ల పరిశోధకుడు

అమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి, తరువాత రక్తం సంగతి చెబుతాను. నేను వైద్యుణ్ణి కాను. రక్తంలోని ప్రోటీన్ల మీద ఇదే ఊళ్ళో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. అయినా మీరు రాసిన మార్పులు చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: అతణ్ణి ఈ వారంలోనే మనోవైద్యులకు చూపించండి, అందుకు ఏ రక్తపరీక్ష ఫలితం కోసమూ ఆగనవసరం లేదు. ఆ ప్యాకేజీని మాత్రం చేయించవద్దు. ఎందుకు వద్దంటున్నానో కొంచెం విస్తరంగా రాస్తాను, ఎందుకంటే మీ అమ్మగారు అడుగుతున్నది అర్థం లేని ప్రశ్న కాదు, అనేక ప్రయోగశాలలు ఏళ్ళ తరబడి అదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి.

1990ల్లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో పాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యంగ్ మొదలైన మనోవైద్యులు, జబ్బు పూర్తిగా బయటపడక ముందే దాని ఛాయలు కనిపించే యువతీయువకులను గుర్తించడానికి కొన్ని ప్రమాణాలు ఏర్పరచారు. అనుమానం వచ్చి, "నాకే అలా తోస్తోందేమో" అని మనిషి తనను తాను ప్రశ్నించుకోగలిగే దశ వాటిలో ఒకటి. ఆ ప్రమాణాలకు సరిపోయినవారిలో సుమారు నాలుగోవంతు మందికి మాత్రమే మూడేళ్ళలోపు సైకోసిస్ వస్తుందని, మిగిలినవారికి ఆ వ్యవధిలో రాదని తరువాతి అధ్యయనాలు చూపించాయి. అంటే క్లినిక్‌కు వచ్చిన నలుగురిలో ఆ ఒక్కరు ఎవరు అన్నదే అసలు చిక్కు, రక్తంలోని జీవసూచికల (జబ్బు జాడను చూపే పదార్థాల) మీద ఇంత ఆశ పుట్టింది కూడా అందుకే.

ఆ ఆశకు కొంత ఆధారం ఉంది. ఇంగ్లాండులోని బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల తొలినాళ్ళలో పుట్టిన పిల్లలను చిన్ననాటి నుంచి గమనిస్తూ వస్తున్న ఒక పెద్ద అధ్యయనంలో, తొమ్మిదేళ్ళ వయసులో తీసిన రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే, వాపును సూచించే పదార్థం ఎక్కువగా ఉన్న పిల్లలకు 18 ఏళ్ళ వయసులో సైకోసిస్‌ను పోలిన అనుభవాలు కలిగే అవకాశం, అది తక్కువగా ఉన్నవారితో పోలిస్తే సుమారు 1.8 రెట్లు ఉన్నట్టు 2014లో తేలింది. ఉత్తర అమెరికాలో అధిక ముప్పు గలవారి మీద జరిగిన అధ్యయనం 15 రక్తసూచికలను కలిపి చూసింది. తరువాత జబ్బుపడిన 32 మందిని, జబ్బుపడని 40 మందిని, ఏ ముప్పూ లేని మరి కొందరిని పోల్చి, చాలావరకు వేరుచేయగలిగామని చెప్పింది. ఐరోపాలో 133 మందిపై జరిగిన మరో అధ్యయనం, అందులో 49 మంది తరువాత జబ్బుపడగా, రక్తం గడ్డకట్టే ప్రక్రియకు, రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లకు సంబంధించిన మార్పులను గుర్తించింది. ఈ కాంప్లిమెంట్ సంగతి నన్ను ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. కాంప్లిమెంట్ ప్రోటీన్లలో ఒకటైన సి-4 జన్యువులోని కొన్ని రూపాలు స్కిజోఫ్రీనియా ముప్పును పెంచుతాయని 2016లోనే మరొక బృందం చూపించింది. కౌమారంలో మెదడు తనకు అక్కరలేని నాడీసంధులను (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను) తొలగించుకునే సహజమైన పనిలో ఈ ప్రోటీనుకు పాత్ర ఉంది కాబట్టి, ఆ తొలగింపు మోతాదు మించడమే జబ్బుకు ఒక మూలం కావచ్చునన్న ఊహకు అక్కడ బలం చేకూరింది. వేర్వేరు దారుల్లో వెతికినవారు ఒకే చోటికి చేరుకుంటున్నప్పుడు అక్కడ ఏదో ఉందని నమ్మడం నాకు సబబుగానే తోస్తుంది.

కాని ఇదంతా గుంపులను పోల్చినప్పుడు బయటపడే తేడా. ఒక గుంపు సగటు మరొక గుంపు సగటు కన్నా ఎక్కువగా ఉన్నంతమాత్రాన మీ తమ్ముడి రక్తం చూసి అతని భవిష్యత్తు చెప్పగలమని కాదు. ఇంటర్‌ల్యూకిన్-6, సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటివి జలుబు చేసినా, పంటి చిగురు వాచినా, బరువు పెరిగినా, పొగతాగినా పెరుగుతాయి, నాలుగు రాత్రులు సరిగా నిద్రలేకపోయినా మారవచ్చు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అయితే ఉదయానికి, సాయంత్రానికే ఎంతో తేడాగా ఉంటుంది. మధుమేహం, గుండెజబ్బు, డిప్రెషన్ ఉన్నవారిలో కూడా ఇవే సూచికలు పైకి లేస్తాయి. పైగా రక్తంలో ఉన్నది మెదడులో ఉన్నదానికి అద్దం కాదు, ఈ ప్రోటీన్లలో చాలా భాగం కాలేయం నుంచి వచ్చేవే.

చిన్న అధ్యయనాల్లో మెరిసినవి పెద్ద అధ్యయనాల్లో నిలబడకపోవడం ఈ రంగంలో ఇదివరకే జరిగింది. 2010లో వియన్నాలో అధిక ముప్పు గల 81 మందికి చేపనూనెలోని ఒమేగా-3 ఇచ్చిన పరీక్షలో, ఏడాదిలోపు జబ్బుపడినవారు ఆ నూనె తీసుకున్నవారిలో 5 శాతం లోపు, తీసుకోనివారిలో 27 శాతం పైన ఉన్నారు. అదే పద్ధతిని 2017 నాటికి 304 మందిపై అనేక దేశాల్లో పరీక్షించినప్పుడు ఆ ప్రయోజనం కనిపించలేదు. అమెరికాలో 2010లోనే 51 రక్తసూచికలతో స్కిజోఫ్రీనియాను గుర్తించే పరీక్ష ఒకటి అమ్మకానికి కూడా వచ్చి, కొన్నేళ్ళకే కనుమరుగైంది.

జన్యువుల స్కోరు గురించి రెండు మాటలు. 2022లో వెలువడిన అతిపెద్ద అధ్యయనం 76 వేలమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించి, స్కిజోఫ్రీనియాకు సంబంధించిన 287 స్థానాలను గుర్తించింది. అన్నిటినీ కలిపి లెక్కగట్టిన స్కోరు, మనిషికీ మనిషికీ మధ్య ముప్పులో ఉన్న తేడాలో సుమారు 7 శాతాన్ని మాత్రమే వివరించగలిగింది. ఇలాంటి స్కోర్లు ప్రధానంగా ఐరోపా మూలాలవారి సమాచారంతో తయారైనవి, ఇతర జనాభాలకు వర్తింపజేసినప్పుడు వాటి బలం ఇంకా తగ్గిపోతుంది. మదనపల్లె కుటుంబానికి ఆ కొలత ఎంతవరకు సరిపోతుందో మీరే ఆలోచించండి.

జవాబు: జయనగర్ లెక్కల మాస్టారు

పైన పరిశోధకుడు గారు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. పరీక్ష గొప్పదే అనుకుందాం. జబ్బు రాబోయేవారిలో 90 శాతాన్ని పట్టుకుంటుందని, రానివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుందని ఉదారంగా ఒప్పుకుందాం. స్కిజోఫ్రీనియా నూటికి సుమారు ఒకరికి వచ్చే జబ్బు. అపార్ట్‌మెంట్ శిబిరంలో 1000 మంది యువకులకు ఈ పరీక్ష చేస్తే, జబ్బు రాబోయే 10 మందిలో 9 మంది దొరుకుతారు, కాని రాని 990 మందిలో 99 మందికి కూడా "ముప్పు ఉంది" అని రిపోర్టు వస్తుంది. అంటే రిపోర్టు చూసి కుంగిపోయిన ప్రతి 12 మందిలో 11 మంది అకారణంగా కుంగిపోయినట్టే.

మేనమామకు జబ్బు ఉన్నప్పుడు మేనల్లుడికి ఉండే ముప్పు సుమారు 4 శాతమని ఐరోపాలోని పాత కుటుంబ అధ్యయనాలను కలిపి చూసిన ఇర్వింగ్ గాటెస్‌మన్ లెక్క చెబుతోంది. అలాంటి 1000 మంది మేనల్లుళ్ళకు ఇదే పరీక్ష చేస్తే ముప్పు ఉందని వచ్చే రిపోర్టులు 132, వాటిలో నిజమైనవి 36. ఇప్పటికీ దాదాపు నలుగురిలో ముగ్గురికి తప్పు కబురే అందుతుంది. మెల్‌బోర్న్ ప్రమాణాల ప్రకారం డాక్టరు ముందే జాగ్రత్తగా పరీక్షించి ఎంపిక చేసిన 1000 మందికి (వారిలో నాలుగోవంతుకు జబ్బు వస్తుందనుకుంటే) చేస్తే మాత్రం, 300 రిపోర్టుల్లో 225 నిజమవుతాయి. పరీక్ష ఒక్కటే, మారినది దాని ముందు నిలబడినవారు. కాబట్టి ఏనాటికైనా ఇలాంటి పరీక్ష వస్తే అది క్లినిక్‌లో డాక్టరు చేతికి రావలసినదే తప్ప శిబిరంలో బల్ల మీద పెట్టి అమ్మవలసినది కాదు. అసలు ఇప్పుడున్న పరీక్షల్లో ఏదీ ఈ 90 శాతాన్ని స్వతంత్రంగా రుజువు చేసుకోలేదు.

జవాబు: అన్నానగర్ అమ్మ

అమ్మాయీ, మీరు రాసినది చదివి రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. మేము నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డాము. ఆరేళ్ళ క్రితం మా అమ్మాయికి 17 ఏళ్ళప్పుడు, పది రోజుల వ్యవధిలో ఎవరో తనను పిలుస్తున్నారని, గోడల వెనక నుంచి మాటలు వినిపిస్తున్నాయని మొదలైంది. మొదట చూపించిన చోట ఇది మానసిక వ్యాధేనని చెప్పి మందులు రాసి పంపారు. వారం తిరగకుండా ఫిట్స్ వచ్చాయి, నోరు, పెదవులు తనకు తెలియకుండానే కదలసాగాయి, ఒక పూట మనిషిని గుర్తుపట్టి మరో పూట పట్టేది కాదు. రెండో ఆసుపత్రిలో ఒక మనోవైద్యురాలు ఈ మార్పులు చూసి వెంటనే న్యూరాలజీ విభాగానికి పంపారు. వెన్నులో నీరు తీసి పరీక్షించినప్పుడు, మెదడు కణాలు సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేసే, శరీరమే తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు కనిపించాయి. ఈ జబ్బును స్పెయిన్ దేశపు వైద్యుడు జోసెప్ డాల్మావు బృందం 2007లో మొదటిసారి వర్ణించిందని, యువతుల్లో దీనికి అండాశయంలోని కణితి కారణం కావచ్చునని అప్పుడే మాకు తెలిసింది. మా అమ్మాయికీ కణితి ఉంది. దాన్ని తీసివేసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చాక కోలుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు ఎం.కాం. చదువుతోంది.

మీ తమ్ముడికి ఇదే ఉందని నా ఉద్దేశం కాదు. మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించడం లేదు కూడా. నేను చెప్పదలచినది, రక్తపరీక్షలకు ఇందులో చోటు లేదని ఎవరూ అనుకోకూడదన్న మాట. చోటు ఉంది, కాని అది భవిష్యత్తు చెప్పడానికి కాదు, ఇప్పుడు కనిపిస్తున్నదానికి శరీరంలో వేరే కారణం ఉందేమో వెతకడానికి. మా అమ్మాయికి మొదట్లోనే థైరాయిడ్, విటమిన్ బి-12, లవణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష), హెచ్ఐవీ అన్నీ చేశారు, రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు లేదని కూడా నిర్ధారించుకున్నారు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మనసు మీద ప్రభావం చూపగలదని, బి-12 లోపం వల్లనే మతి చెదిరినట్టు ప్రవర్తించినవారిని తాను చూశానని ఆ డాక్టరమ్మ చెప్పారు. మీ తమ్ముడు హాస్టల్లో సరిగ్గా తింటున్నాడో లేదో కనుక్కోండి. ఫిట్స్, జ్వరం, విపరీతమైన తలనొప్పి, స్పృహ తప్పుతూ వస్తూ ఉండటం వంటివి కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికే తీసుకువెళ్ళండి.

జవాబు: వైట్‌ఫీల్డ్ అక్క

మీ అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. మాస్టారి లెక్కను అమ్మకు కాగితం మీద వేసి చూపించాను, ప్యాకేజీ మాట మానేసింది. నాన్న మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్ళినా పేరు పడుతుందని వెనకాడుతున్నారు. తమ్ముణ్ణి ఎలా ఒప్పించాలో, డాక్టరు వెంటనే బలమైన మందులు పెట్టేస్తారేమో అన్న భయం కూడా ఉంది. ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పరిశోధన కోసం రక్తం తీసుకుంటారని విన్నాను, అందులో చేరితే వాడికేమైనా ఉపయోగం ఉంటుందా?

జవాబు: ప్రోటీన్ల పరిశోధకుడు

మందుల భయం గురించి ముందు చెబుతాను. పూర్తిస్థాయి జబ్బు బయటపడని, ముప్పు మాత్రమే ఉన్న దశలో సైకోసిస్ మందులు ఇవ్వవద్దని, ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్సతో మొదలుపెట్టమని బ్రిటన్‌లోని ప్రభుత్వ వైద్య సలహా సంస్థ నైస్ 2014 నాటి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మీ తమ్ముడిది ఆ దశేనా, లేక అది డిప్రెషనా, నిద్రలేమి వల్ల వచ్చిన ఒత్తిడా అన్నది ఎదురుగా కూర్చుని మాట్లాడిన వైద్యులే చెప్పగలరు. గంజాయి ఏమైనా తాగుతున్నాడా అన్నది కోప్పడకుండా అడగండి. ఘాటైన గంజాయిని రోజూ వాడేవారిలో సైకోసిస్ ముప్పు అసలు వాడనివారితో పోలిస్తే సుమారు అయిదు రెట్లు ఉన్నట్టు ఐరోపాలోను, బ్రెజిల్‌లోను జరిగి 2019లో వెలువడిన అధ్యయనం చూపించింది. మనం ఇంతసేపు మాట్లాడుకున్న రక్తసూచికల్లో దేనికన్నా ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

ఒప్పించడానికి "నీకు జబ్బు ఉందేమో" అని మొదలుపెట్టకండి. అతణ్ణి ఇప్పుడు నిజంగా బాధిస్తున్నవి నిద్ర, చదువు. వాటి కోసం వెళ్దామంటే ఒప్పుకోవడానికి అవకాశం ఉంది. ఆసుపత్రికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలని అతను అనుకుంటే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో కూడా మాట్లాడతారు. నాన్నగారికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చెప్పండి. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను ఆ చట్టం వైద్యుల మీద పెట్టింది. శిబిరంలో ఇచ్చిన రక్తం రిపోర్టు ఎవరెవరి ఫోన్లలోకి వెళ్తుందో మాత్రం మనకు తెలియదు.

ఇక పరిశోధన విషయం. 2016లో మొదలైన ఒక పెద్ద కార్యక్రమంలో నిమ్హాన్స్, జాతీయ జీవశాస్త్ర కేంద్రం మొదలైన బెంగళూరు సంస్థలు కలిసి, ఒకే ఇంట్లో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమందికి తీవ్రమైన మానసిక వ్యాధులు ఉన్న కుటుంబాలను ఏళ్ళ తరబడి అనుసరిస్తూ, వారి రక్తకణాల నుంచి మూలకణాలను తయారుచేసి అధ్యయనం చేస్తున్నాయి. మీ ఇంట్లో జబ్బుపడినది మేనమామ ఒక్కరే కాబట్టి మీ కుటుంబం దానికి సరిపోకపోవచ్చు. వేరే అధ్యయనం ఏదైనా ఉండి మీ తమ్ముణ్ణి అడిగితే, అతని వ్యక్తిగత ఫలితం సాధారణంగా చేతికి ఇవ్వరని, ఇష్టం లేకపోతే ఏ దశలోనైనా తప్పుకోవచ్చునని, తప్పుకున్నందువల్ల చికిత్సలో తేడా రాదని ముందే తెలుసుకొని, సంతకం అతనే ఆలోచించుకొని పెట్టాలి. 19 ఏళ్ళవాడు, ఆ నిర్ణయం అమ్మగారిది కాదు, మీదీ కాదు. ఐరోపా రక్తం మీద కట్టిన లెక్కలు మనవాళ్ళకు ఎంతవరకు సరిపోతాయో తేలాలంటే మనవాళ్ళ నమూనాలు కావాలి కాబట్టి, అతను ఇష్టపడి ఇస్తే నావంటివాడు సంతోషిస్తాడు. అయితే అది అతను బాగా నిద్రపోవడం మొదలుపెట్టిన తరువాతి మాట.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు, మార్పు మొదట ఏ నెలలో గమనించారో, నిద్ర ఎప్పటి నుంచి తారుమారైందో, మెస్‌లో జరిగినదాని గురించి తన మాటల్లోనే ఏమన్నాడో, మేనమామకు ఏ మందులు పనిచేశాయో ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళండి. ఆ కాగితాన్ని మీ తమ్ముడికి ముందే చూపించండి. ఏదైనా తప్పుగా రాశారనిపిస్తే అతణ్ణే దిద్దమనండి.